ఖో

ఖో-ఖోలో వరసలో కూర్చున్నదానికి
వెనకేం జరుగుతోందో కనపడదు.
వీపు మీద చెయ్యి పడ్డాకే లేవాలి.
ముందే లేస్తే ఫౌలు.

నా వీపు మీద చెయ్యి పడింది
డిసెంబరు తొమ్మిదిన, కాలేజీ ఆఫీసు వరండాలో.
పీడీ సారు కాగితాన్ని తిరగేసి, మళ్లీ తిరగేసి
"ఢిల్లీశ్వరికి హాజరు అరవై ఎనిమిది.
డెబ్బై అయిదు ఉండాల.
ఎలిజిబిలిటీ ఫారం మీద ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టనన్నారు.
పన్నెండో పేరు నీది రాస్తన్నాను" అన్నారు
నా మొహంకేసి చూడకుండా.

పేరులోనే ఢిల్లీ ఉన్నదానికి
ఢిల్లీ మీదుగా పోయే రైలు లేకుండా పోయింది.

ఆ ఏడు శాతం ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.
కాశీబుగ్గ జీడి బట్టీలో, మూడో షెడ్డులో
వాళ్లమ్మ దాలమ్మ పక్కన పీటేసుకుని
పిక్కలు కొడుతూ కూర్చుంది.
ఆడేవాళ్లకి రైలు చార్జీ యూనివర్సిటీ ఇస్తుంది,
రోజుకింత బత్తెం కూడా ఇస్తుంది.
అమ్మల పేరు మీద ఏ పద్దూ లేదు.
"మాయమ్మ నా ఆట ఒక్కపాలీ సూడనేదే"
అని అది ఒకసారి, ఊరికే అన్నట్టు అంది.

షెడ్డులో పాలపొడి డబ్బా మూతకి గాటు పెట్టారు.
పప్పు ఒలిచేవాళ్లు పదేసి,
గుళ్లూ బద్దలూ వేరుచేసే అమ్మలు ఇరవయ్యేసి.
సుభద్ర మౌసి ఒడియాలో ఏదో దీవించి
ముక్కుపుడక తాకట్టు విడిపించడానికి దాచిన వందా వేసింది.
మేస్త్రీ యాభై వేసి
నెలంతా చెప్పుకున్నాడు.
అందరికంటే ఎక్కువ వేసింది ఢిల్లీశ్వరే,
పదమూడు రోజుల కూలి.
హాజరు పట్టీలో ఖాళీ గళ్లు
సరిగ్గా పదమూడు.

ఆ సాయంత్రం దాలమ్మ డబ్బాతో మా ఇంటికొచ్చింది.
"మా గుంటకి రాసిపెట్టి నేదు.
మీయమ్మ ఎల్లాల మరి. నాలుగువేల రెండొందల అరవై.
నెక్కెట్టుకో."
మా అమ్మ చేతులు తుడుచుకుంది కానీ డబ్బా ముట్టుకోలేదు.
"గేదె ఈనబోతంది, నానెలాగెల్తాను?
డబ్బులు నీవి, రైలు నీది.
నువ్వే ఎల్లప్పా."
ఇద్దరూ అటే ఇటే తోసుకున్న డబ్బా
రాత్రంతా మా గుమ్మంలోనే ఉంది.

ఢిల్లీశ్వరి మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
నాలుగోరోజు తన బూట్లు తెచ్చి నా ముందు పడేసి
"పోలు కాడ ఎడంకాలు ముందెయ్యి" అంది.
అంతే.
ఎడమది నాకు కొంచెం బిగుతు.

పలాసలో ఎక్కాం.
తలుపు పక్క సీటులో దాలమ్మ
వేళ్లు కొంగులో దాచుకుని కూర్చుంది.
జీడి రసం తిన్న వేళ్లు,
ఎంత బూడిద రుద్దినా నలుపు పోలేదు.
నాగపూరు దాటాక చలికో దేనికో
నా తల ఒళ్లో పెట్టుకుంది.
నేను నిద్రపోయినట్టే ఉన్నాను.

స్టేడియం గేటు దగ్గర పుస్తకంలో
క్రీడాకారిణికి ఏమవుతారు అన్న గడిలో
నేనే రాశాను, తల్లి అని.
వేలిముద్ర వెయ్యమన్నారు.
వేసింది. గీతలు రాలేదు.
జమాను తుడిచి మళ్లీ వేయించాడు.
మళ్లీ అదే, నల్ల రూపాయిబిళ్ల.
ఎవరి వేలో ఏ గీతా చెప్పని ముద్ర.
పొమ్మని చెయ్యి ఊపాడు.

రెండో ఇన్నింగ్సు, ఇంకో నిమిషం.
వరసలో ఆరోదాన్ని నేను.
నా వీపు వెనక ఎవరిదో ఊపిరి, మట్టి మీద అడుగుల చప్పుడు.
గేలరీలోంచి
జీడి షెడ్డు మిషన్లని దాటి పిలవడం అలవాటైన గొంతు:
"ఢిల్లే! లెగే! లెగవే గుంటా!"

చెయ్యి ఇంకా పడలేదు.
లేచేశాను.

విజిలు.